రెజ్లర్ కావాలంటే ముందు పడటం నేర్చుకోవాలి

బైసెప్స్ సంగతి తర్వాత, ముందు మీ మెడ చూసుకోండి. జిమ్‌లో అందరికీ చెస్ట్ డే ఉంటుంది, ఆర్మ్స్ డే ఉంటుంది, మెడకి కసరత్తు చేసేవాళ్లను మాత్రం నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. రింగులో పూటకి పాతిక ముప్పై సార్లు వెల్లకిలా పడేవాడికి తల వెనక్కి వెళ్లి కొట్టుకోకుండా ఆపేది ఆ మెడే.

ఇక్కడ చెప్పేది పాతబస్తీ తాలీంఖానాలో వస్తాదు నేర్పే కుస్తీ గురించి కాదు. ఆ దారి వేరు, అందులో నెగ్గుకొస్తే స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం రావచ్చు. ఇది టీవీలో వచ్చే అమెరికా కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ రకం, గెలుపోటములు ముందే రాసిపెట్టుకునే ప్రొఫెషనల్ రెజ్లింగ్. "అదంతా ఫేక్ కదరా" అని ఇంట్లో అంటారు, అననివ్వండి. 1989లో ఆ కంపెనీయే న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఇది పోటీ కాదు, వినోదం అని ఒప్పుకుంది, కాబట్టి అందులో దాచేదేమీ లేదు. కానీ ఎవరు గెలవాలో ముందే అనుకోవచ్చు గానీ కింద పడటాన్ని అలా అనుకుని తప్పించుకోలేం. రింగు కింద ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, ఆపైన పల్చటి ఫోమ్, కాన్వాస్, అంతే. టీవీలో పరుపులా కనిపిస్తుంది. మొదటిసారి దాని మీద వీపు పెట్టి పడ్డప్పుడు నాకు ఊపిరి ఆగి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

పడటాన్ని వాళ్లు బంప్ అంటారు. నేర్చుకునే పద్ధతి ఇలా ఉంటుంది. ముందు గొంతుక్కూర్చోండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, మీ బొడ్డు వైపు చూస్తూ వెనక్కి ఒరగండి. వీపు పైభాగం మొత్తం ఒకేసారి నేలకి తగలాలి, ఆ క్షణంలోనే రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా, అరచేతులు కిందికి పెట్టి గట్టిగా చరచాలి, ఊపిరి బయటికి వదిలేయాలి. బిగబట్టుకుని పడితే ఆ దెబ్బంతా పక్కటెముకల మీదే. అందరూ చేసే తప్పు ఒకటుంది, పడేటప్పుడు భయంతో చేయి వెనక్కి పెట్టి ఆనుకోబోతారు. అది సహజం, చిన్నప్పటి నుంచీ అలాగే కదా పడుతున్నాం, కానీ మణికట్టో మోచెయ్యో పోయేది అక్కడే. గొంతుక్కూర్చుని పడటం వందసార్లు సరిగ్గా వచ్చాకే నిలబడి, అదీ వచ్చాకే ఎవరైనా ఎత్తి వేస్తే పడటం. ఇంట్లో పరుపు మీద, డాబా మీద ప్రాక్టీస్ అస్సలు వద్దు. పరుపు తప్పుని దాచిపెడుతుంది, డాబా తప్పుకి ఛాన్సే ఇవ్వదు. దగ్గర్లో జూడో క్లాసు ఉంటే ఒక ఆరు నెలలు చేరండి, జూడోలో మొదటి పాఠమే పడటం, సరైన మ్యాట్ ఉంటుంది, చూసి దిద్దేవాళ్లు ఉంటారు.

రెండో పాఠం ఎదుటివాణ్ని కాపాడటం. మీరు ఎవరినైనా ఎత్తారంటే వాడి మెడ మీ చేతిలో పెట్టాడని అర్థం. పట్టులో ఉన్నప్పుడు చేయి మెల్లగా నొక్కి "బానే ఉన్నావా" అని అడుగుతారు, వాడు తిరిగి నొక్కితే సరే. రిఫరీ రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా పెట్టి గుణకారం గుర్తు చూపించాడంటే నిజంగానే దెబ్బ తగిలిందని. అమెరికా పద్ధతిలో పట్లన్నీ ఎదుటివాడి ఎడమ వైపే వేస్తారు, మెక్సికోలో కుడి వైపు, కాబట్టి ఎక్కడ నేర్చుకుంటున్నారో దాన్నిబట్టి ఒళ్లు అలవాటు పడుతుంది. తాళ్ల మీద పడి వెనక్కి పరిగెత్తడం కూడా చూసినంత తేలిక కాదు, మొదటి వారం చంక కింద నల్లగా కమిలిపోతుంది.

కసరత్తు విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. దండీలు, బస్కీలు. బస్కీలనే ప్రపంచమంతా హిందూ స్క్వాట్స్ అంటుంది, కార్ల్ గాచ్ అనే రెజ్లర్ వాటిని జపాన్ కుర్రాళ్లకి గట్టిగా అలవాటు చేశాడు. 1972లో ఆంటోనియో ఇనోకి పెట్టిన న్యూ జపాన్ అనే రెజ్లింగ్ కంపెనీ డోజోలో, అంటే శిక్షణ కేంద్రంలో, ఇప్పటికీ కొత్తవాళ్లు వాటిని వందల్లో తీయాల్సిందే. మన తాతలు తీసిన బస్కీలు టోక్యోలో తీయిస్తుంటే ఇక్కడ మనం లెగ్ డే ఎగ్గొడుతున్నాం! రోజుకి యాభైతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి, మోకాలు నొప్పి చేస్తే ఆపండి. స్టెరాయిడ్ల జోలికి పోవద్దు. 2006 నుంచి డబ్ల్యూడబ్ల్యూఈలో పరీక్షలున్నాయి, అది పక్కన పెట్టినా గుండె మీది కదా. పొట్టివాళ్లు దిగులు పడక్కర్లేదు, ఐదడుగుల ఆరంగుళాల రే మిస్టీరియో 2006లో వరల్డ్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు.

ఒళ్లు సగమే, మిగతా సగం వేషం. మంచివాణ్ని బేబీఫేస్ అంటారు, చెడ్డవాణ్ని హీల్ అంటారు. హీల్ అంటే మన పద్యనాటకంలో దుర్యోధనుడే, వాడు మీసం తిప్పకపోతే భీముడి గదకి చప్పట్లు పడవు. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు సంగతే చూడండి, ఆ రోజుల్లో బలమున్నవాళ్లు ఇంకా చాలామందే ఉండుంటారు, ఆయన మాత్రం ఆ బలాన్ని సర్కస్ చేసి, గొలుసులు తెంపి, టికెట్ కొని చూసేలా చేశాడు. అందుకని రోజూ ఫోన్ ముందు నిలబడి ఒక్క నిమిషం మాట్లాడి రికార్డ్ చేయండి. "నేనెవరు, నాకేం కావాలి, నిన్నెందుకు కొడతాను" ఇంతే, దీన్నే ప్రోమో అంటారు. తెలుగులో మొదలుపెట్టి తర్వాత ఇంగ్లీషులో చెప్పండి. యాస ఉన్నా ఫర్వాలేదు, తడబాటు పోవాలి. మొదటి వీడియోలు చూసుకుంటే సిగ్గేస్తుంది, డిలీట్ చేయకండి.

ఎక్కడ నేర్చుకోవాలి అంటే, మన దేశంలో అందరికీ తెలిసిన చోటు జలంధర్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ గ్రేట్ ఖలీ 2015లో పెట్టిన సీడబ్ల్యూఈ అకాడమీ. పవర్‌లిఫ్టింగ్ చేసిన హర్యానా అమ్మాయి కవితా దేవి అక్కడ నేర్చుకునే 2017లో డబ్ల్యూడబ్ల్యూఈ రింగులో దిగింది, మన దేశం నుంచి అలా వెళ్లిన మొదటి మహిళ. ఎక్కడ చేరినా ఫీజులో ఉండటం, తిండి కలిసి ఉన్నాయా, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది అనేది కాగితం మీద రాయించుకోండి. వీలైతే ఒక రోజు ఊరికే కూర్చుని క్లాసు చూడండి, కొత్తవాళ్లని మొదటి రోజే పైనుంచి దూకిస్తున్నారంటే బ్యాగు సర్దుకుని వచ్చేయండి. ఇక "విదేశీ సెలక్షన్ ఇప్పిస్తా" అని ముందే డబ్బు అడిగేవాడు మోసగాడే. నా ఫ్రెండ్ ఒకడు అలా బైక్ అమ్మి కట్టాడు, ఆ మనిషి ఫోన్ నెంబరు ఇప్పటికీ స్విచాఫే.

పెద్ద కంపెనీల చూపు మాత్రం వేరే ఆటలో పేరు తెచ్చుకున్నవాళ్ల మీదే ఎక్కువ. రింకూ సింగ్ (క్రికెటర్ కాదు, వేరే అతను) బేస్‌బాల్ నుంచి వచ్చాడు, సత్నామ్ సింగ్ బాస్కెట్‌బాల్ నుంచి, సౌరవ్ గుర్జర్ కిక్‌బాక్సింగ్ చేసి, టీవీ మహాభారతంలో భీముడి వేషం వేసి మరీ వెళ్లాడు. 2019లో ముంబైలో డబ్ల్యూడబ్ల్యూఈ ట్రైఅవుట్, అంటే సెలక్షన్ పరీక్ష, పెట్టింది. అలాంటివి మళ్లీ వచ్చినప్పుడు చూపించడానికి చేతిలో ఒక మెడల్, ఒక మంచి వీడియో ఉండాలి. సెలక్ట్ అయితే ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఉన్న వాళ్ల శిక్షణ కేంద్రం, పెర్ఫార్మెన్స్ సెంటర్‌కి పంపుతారు, 2013లో తెరిచినప్పుడు అక్కడ ఒకే కప్పు కింద ఏడు రింగులుండేవి.

డబ్బు సంగతి. అక్కడి రెజ్లర్లు ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మనుషులు. రింగులో దెబ్బ తగిలితే కంపెనీ చూస్తుంది, మామూలు ఆరోగ్య బీమా ఎవరిది వాళ్లదే. ఇక్కడి మెడిక్లెయిమ్ పాలసీల్లో ప్రమాదకరమైన ఆటలు వృత్తిగా ఆడితే క్లెయిమ్ ఇవ్వం అనే లైను ఉంటుంది, చేరకముందే ఆ లైను వెతికి చదవండి. డిగ్రీ ఆపొద్దు, ఉన్న ఉద్యోగం మానొద్దు, వారాంతాల్లో మొదలుపెట్టండి. అమెరికాలో ఎంఎస్ చేస్తున్న మన పిల్లలకి ఇంకో మాట. పక్క ఊళ్లో రెజ్లింగ్ స్కూలుంటే హాబీగా నేర్చుకోండి, కానీ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉండి మ్యాచ్‌కి డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని పని కిందికి వస్తుంది, యాభై డాలర్ల కోసం వీసా స్టేటస్ పోగొట్టుకోకండి.

మొదటి రోజు మోకాలి ప్యాడ్లు, టేపు, రెండు టీషర్టులు, నీళ్లు తీసుకెళ్లండి. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ రక్తపరీక్షలు ముందే చేయించుకోండి, ఈ ఆటలో చర్మం గీరుకోవడం మామూలే. లోపలికి వెళ్లగానే ఉన్న ప్రతి ఒక్కరికీ మెత్తగా షేక్‌హ్యాండ్ ఇవ్వండి, అది వాళ్ల మర్యాద. గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి. నేను మర్చిపోయి వెళ్తే వాకిట్లోనే ఆపి నెయిల్ కట్టర్ చేతిలో పెట్టారు.