ఇంట్లో మూడు రంగుల లేజర్ కడుతున్నారా? కళ్లు పోయేది అలైన్‌మెంట్ దగ్గరే

వినాయక చవితి దగ్గరపడితే చాలు, మండపానికి లేజర్ ప్రొజెక్టర్ మనమే చేసుకుందాం అన్నా అంటూ ఫోన్లు మొదలవుతాయి. 2023 నిమజ్జనాల తర్వాత మహారాష్ట్రలో లేజర్ తగిలి చూపు దెబ్బతిన్న కేసులు వచ్చాయని కంటి డాక్టర్లే చెప్పారు. మరుసటి ఏడాది పుణె పోలీసులు ఉత్సవాల్లో లేజర్ కిరణాలను నిషేధించారు. అక్కడ దెబ్బ తగిలింది ఊరేగింపులో ఉన్నవాళ్లకు. సొంతంగా కట్టేవాడికి అంతకంటే ముందే, తన బల్ల దగ్గరే తగులుతుంది.

సోల్డరింగ్, ఎర్తింగ్, 230 వోల్టుల గురించి మీకు చెప్పక్కర్లేదు. నేను చూసిన నష్టమంతా ఒక్క తప్పు వల్లే: ఫుల్ పవర్‌లో అలైన్‌మెంట్.

తరంగదైర్ఘ్యం ఎరుపుకు 638, ఆకుపచ్చకు 520, నీలానికి 450 నానోమీటర్లు. ఈ మూడు కిరణాలనూ డైక్రోయిక్ అద్దాలతో, అంటే ఒక రంగును దాటనిచ్చి ఇంకో రంగును తిప్పికొట్టే అద్దాలతో, ఒకే గీత మీదకు తేవాలి. అదే అలైన్‌మెంట్. బల్ల మీద కలిసినట్టే ఉంటాయి, ఎదుటి గోడ మీద మూడు చుక్కలుగా విడిపోతాయి. సాయంత్రమంతా ఆ స్క్రూలతోనే గడుస్తుంది. మూడు రంగులనూ ఆపే కళ్లజోడు పెట్టుకుంటే ఆ చుక్కలే కనబడవు. విసుగొచ్చి జోడు నుదుటి మీదకు నెడతారు, ఒక్క నిమిషమే కదా అని.

నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు అలాగే చేశాడు. స్క్రూ తిప్పుతుంటే అలెన్ కీ మీద పడిన కిరణం కంట్లోకి తిరిగింది. నొప్పి లేదు, రెటీనాకు నొప్పి తెలియదు. మర్నాడు గోడ గడియారం చూస్తే చుట్టూ అంకెలున్నాయి, ముళ్లు కలిసే చోట బూడిదరంగు మచ్చ. ఇప్పటికీ ఆ కంటితో పేపర్ చదివితే, ఏ అక్షరం మీద చూపు నిలిపితే ఆ అక్షరమే మాయమవుతుంది.

కాబట్టి డ్రైవర్‌లో, అంటే లేజర్ డయోడ్‌ను నడిపే సర్క్యూట్‌లో, కరెంటు తగ్గించి, డయోడ్ అప్పుడే లేజర్‌గా వెలగడం మొదలైన చోట, కొన్ని మిల్లీవాట్ల దగ్గరే అలైన్ చేయండి. ఎన్ని మిల్లీవాట్లో లేజర్ పవర్ మీటరు చెప్పాలి, మీ కన్ను కాదు. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ ఆనుతుంది, నీలం బాగా తక్కువ. మసగ్గా కనిపించే నీలమే ఒక వాట్ ఉండొచ్చు. 500 మిల్లీవాట్లు దాటితే అది క్లాస్ 4, లేజర్లలో అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతి, గోడ మీది చుక్కను దగ్గర్నుంచి చూడడం కూడా ప్రమాదమే. రెప్ప పడడానికి పావు సెకను పడుతుంది, ఆలోపే అయిపోతుంది. ఫుల్ పవర్‌లో చూసి తీరాలంటే గోడ వైపు వెబ్‌క్యామ్ పెట్టి పక్క గదిలో లాప్‌టాప్‌లో చూడండి.

కళ్లజోడు మీద ఏ నానోమీటర్లకు ఎంత ఓడీయో (ఆప్టికల్ డెన్సిటీ, కాంతిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అచ్చై ఉండాలి. లేకపోతే అది ఎండలో పెట్టుకునే జోడు. చవక 532 నానోమీటర్ల ఆకుపచ్చ మాడ్యూళ్లలో 808, 1064 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కూడా బయటికి రావచ్చు, అది కనబడదు.

ఉంగరం, వాచీ తీసేయండి.

పనిముట్లకు నల్ల టేపు చుట్టండి.

కూర్చున్నప్పుడు కంటి ఎత్తుకు కిరణం రాకూడదు. బల్ల మార్చండి, లేదా కుర్చీ.

డైక్రోయిక్ వెనక నుంచి కొంత కాంతి జారుతుంది. అక్కడ నల్లటి లోహపు ముక్క అడ్డం పెట్టండి.

పిల్లలున్న గదిలో వద్దు. తలుపు గడియ పెట్టండి.

గాల్వో, అంటే కిరణాన్ని అటూ ఇటూ తిప్పే అద్దాల మోటారు, ఆగితే కిరణం కట్ అయ్యే సర్క్యూట్ లేకుండా ప్రొజెక్టర్ బయటికి తీయొద్దు. అద్దం కదలడం మానేస్తే, ఆకాశమంతా పరుచుకోవాల్సిన పవర్ ఒకే చుక్కలో నిలబడుతుంది.

తాళం స్విచ్, చేతికందే ఎమర్జెన్సీ బటన్ పెట్టండి. బటన్ దగ్గర మనిషి ఉండాలి, ఆ మనిషి టీకి వెళ్లకూడదు.

జనం మీదకు వద్దు. విమానాల వైపు అసలే వద్దు.

వాన మొదలైతే ఆపేయండి. 2008లో మాస్కో దగ్గర ఒక ఆరుబయట వేడుకలో వాన వల్ల గుడారాలు కట్టారు. ఆకాశంలోకి పోవాల్సిన లేజర్ జనం మీద పడి పదుల మందికి చూపు దెబ్బతింది. మన చవితీ వానల్లోనే, మనకూ టార్పాలిన్లే.

మళ్లీ చెబుతున్నా, జోడు తీసి ఫుల్ పవర్‌లో అలైన్ చేయొద్దు. ఒక్క స్క్రూ మిగిలినా సరే. రాత్రి రెండైనా సరే. రేపే స్థాపన అయినా సరే.

కంట్లో మెరుపు తగిలితే తెల్లారేదాకా ఆగొద్దు. నేరుగా రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏ రంగు, ఎన్ని మిల్లీవాట్లు, ఎంత దూరం నుంచి తగిలిందో చీటీ మీద రాసుకెళ్లండి.