నగరపాలన స్వయంబోధిని – 5వ పాఠం: ఎం-బుక్ చదవడం, కొలతలు సరిచూడడం

గత నాలుగు పాఠాలలో, వీధిలో మురుగు నిలుస్తోందన్న ఒక అర్జీ వార్డు సచివాలయంలోని ఎమినిటీస్ సెక్రటరీ దగ్గర బయలుదేరి, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వేసిన ఎస్టిమేటుగా మారి, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు పొంది, టెండరు ద్వారా కాంట్రాక్టరు చేతికి వర్క్ ఆర్డరుగా చేరేంతవరకు చూశాము. ఇప్పుడు పని మొదలైంది. గడ్డపార నేలను తాకిన రోజు నుంచి బిల్లు పాసయ్యే రోజు వరకు నడిచే వ్యవహారానికంతటికీ ఆధారం ఒకే ఒక్క పుస్తకం. దాని పూర్తి పేరు మెజర్‌మెంట్ బుక్. ఆఫీసులో అందరూ ఎం-బుక్ అంటారు.

1866లో మునిసిపాలిటీగా ఏర్పడి, 1994లో కార్పొరేషన్ అయిన గుంటూరులో నేడు 57 డివిజన్లున్నాయి. బడ్జెట్ సమావేశం జరిగిన మర్నాడు పత్రికలు కోట్ల అంకెలు ప్రచురిస్తాయి, కార్పొరేటర్లు వాటిమీదే వాదించుకుంటారు. అయితే బడ్జెట్‌లో కేటాయింపు జరిగినంత మాత్రాన ఇంజనీరింగ్ పనికి ఒక్క రూపాయి కూడా ఖజానా నుంచి కదలదు. పని ఎంత జరిగిందో కొలిచి, ఎం-బుక్‌లో రాసి, సంతకం చేసిన తరువాతే కదులుతుంది. అందుచేత నగరపాలన నేర్చుకోదలచినవారు బడ్జెట్ పుస్తకం కంటే ముందు ఎం-బుక్ చదవడం నేర్చుకోవాలని నా దృఢమైన అభిప్రాయం. దీనికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కరలేదు. హెచ్చవేత, కూడిక, ఒక టేపు, కొంత ఓపిక ఉంటే చాలు.

ముందుగా పుస్తకం స్వరూపం తెలుసుకుందాము. ప్రతి ఎం-బుక్‌కు ఒక నంబరు ఉంటుంది, అది ఏ అధికారికి ఎప్పుడు ఇచ్చారో ఆఫీసు రిజిస్టరులో నమోదై ఉంటుంది. పేజీలకు ముందే వరుస నంబర్లు అచ్చయి ఉంటాయి కనుక ఏ పేజీనీ చింపడానికి వీలులేదు. పొరపాటున ఖాళీగా వదిలేస్తే అడ్డగీత గీసి, రద్దు చేసినట్లు రాసి సంతకం పెట్టాలి. అంకె తప్పు పడితే చెరిపి దిద్దకూడదు, కొట్టివేసి పక్కన సరైన అంకె రాసి పొట్టి సంతకం చేయాలి. పని పేరు, ఎస్టిమేటు విలువ, అగ్రిమెంటు నంబరు, కాంట్రాక్టరు పేరు, పని మొదలైన తేదీ, కొలిచిన తేదీ మొదటే కనబడతాయి. వాటి కింద వరుసగా వివరం, సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, పరిమాణం అనే గడులుంటాయి. కొలిచినవాడు ఏఈ, ఆ కొలతల్లో కొన్నింటిని స్థలానికి వెళ్లి మళ్లీ కొలిచి చూసి, చెక్ మెజర్‌మెంట్ చేశానని సంతకం పెట్టవలసినవాడు పై అధికారి. కొలతలు తనకు సమ్మతమేనని కాంట్రాక్టరు కూడా సంతకం చేస్తాడు. ఈ మూడు సంతకాలలో ఏది లేకపోయినా ఆ పేజీని అనుమానంగానే చూడాలి.

ఇప్పుడు ఒక ఉదాహరణను చేత్తో చేసి చూద్దాము. బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డు పక్కన 60 మీటర్ల సైడు కాలువ కడుతున్నారనుకోండి. ఇది పాఠం కోసం ఊహించిన పనే కాని, ఇటువంటి కాలువలు మన ఊళ్లో ఏ లైనుకు వెళ్లినా కనిపిస్తాయి. కాలువ లోపలి వెడల్పు 0.45 మీటర్లు. అడుగు దిమ్మె మందం, రెండు గోడల మందం కూడా 0.15 మీటర్లు. కాలువలో నీరు పారాలంటే వాలు ఉండాలి గనుక ఎస్టిమేటులో 300కు 1 వాలు ఇచ్చారు; అంటే 60 మీటర్ల దూరంలో అడుగు 0.20 మీటర్లు దిగాలి. రోడ్డు మట్టం ఒకటే అయినప్పుడు ఎగువ కొసన లోతు 0.50 ఉంటే దిగువ కొసన 0.70 ఉండాలి. సగటు లోతు 0.60 మీటర్లు.

అడుగు దిమ్మె లెక్క ఇలా ఉంటుంది. దిమ్మె గోడల కిందకు కూడా వెళుతుంది కాబట్టి దాని వెడల్పు 0.45కు రెండు గోడల మందం 0.30 కలిపితే 0.75 అవుతుంది. 60ని 0.75తో, ఆ వచ్చినదాన్ని 0.15తో హెచ్చిస్తే 6.75 ఘనమీటర్లు. గోడలు రెండు కనుక సంఖ్య గడిలో 2 వేసి, 60ని 0.15తోను 0.60తోను హెచ్చిస్తే 10.80 ఘనమీటర్లు. మొత్తం కాంక్రీటు 17.55 ఘనమీటర్లు. గోడ ఎత్తును దిమ్మె పైభాగం నుంచే కొలవాలన్నది ఇక్కడ ప్రత్యేకంగా గుర్తుంచుకోండి, పాఠం చివరి అభ్యాసంలో దీని అవసరం పడుతుంది. దిమ్మె కింద 0.10 మీటర్ల మందాన పీసీసీ, అంటే ఇనుము లేని మామూలు కాంక్రీటు, పరుపుగా వేస్తారు. పనివాళ్లు మసలడానికి ఇరువైపులా 0.10 చొప్పున చోటు విడిస్తే తవ్వకం వెడల్పు 0.95, సగటు లోతు 0.85 అవుతాయి. ఈ లెక్కన తవ్వకం 48.45 ఘనమీటర్లు, తవ్విన వెడల్పంతా వేస్తే పీసీసీ 5.70 ఘనమీటర్లు.

లోతు గడిలో ఊరికే 0.60 అని రాసి ఉంటే మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, ఎగువ లోతు ఎంత, దిగువ లోతు ఎంత అన్నది. సక్రమంగా రాసినవారు 0.50, 0.70 అంకెలు రెండూ వేసి, వాటి సగటుగా 0.60 చూపుతారు. 60 మీటర్ల పొడవునా లోతు ఒకేలా కొలిచి ఉంటే కాంక్రీటు పరిమాణం సరిగ్గానే తేలుతుంది, బిల్లులో తప్పు దొరకదు. కాలువలో మాత్రం నీరు కదలదు. గుంటూరు లాంటి చదును ఊళ్లో ఈ 20 సెంటీమీటర్ల తేడాయే కాలువకు ప్రాణం. మన కాలువలు చాలావరకు పెద్ద కాలువల గుండా పీకలవాగు వైపు పోవాలి. కాబట్టి కొత్త కాలువ అడుగు మట్టం అది కలిసే పాత కాలువ అడుగు కంటే కిందికి పోకుండా చూడడం అన్నిటికన్నా ముందు పని. దీనికి ఖరీదైన పరికరం లేకపోయినా ఫరవాలేదు. మేస్త్రీలు వాడే పారదర్శకమైన సన్నని గొట్టంలో బుడగ లేకుండా నీరు నింపి, ఒక కొసను ఎగువన, మరొక కొసను దిగువన నిలబెడితే రెండు వైపులా నీరు ఒకే మట్టంలో ఆగుతుంది. ఆ మట్టం నుంచి దిమ్మె వరకు రెండుచోట్లా టేపుతో కొలిచి, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసివేస్తే వాలు ఎంతో తేలుతుంది. ఇద్దరు మనుషులుంటే పది నిమిషాలలో పూర్తయ్యే పని ఇది.

ఇక ఈ పాఠానికి గుండెకాయ వంటి విషయానికి వద్దాము. కాలువ పూర్తయిన తరువాత టేపుతో కొలిస్తే పొడవు, లోపలి వెడల్పు, లోతు, గోడ మందం కనిపిస్తాయి. దిమ్మె మందం, దాని కింద పీసీసీ, లోపల ఇనుము, తవ్వకం లోతు కనిపించవు. మట్టిలోనూ కాంక్రీటులోనూ కలిసిపోయే ఈ అంశాలను కప్పివేయకముందే కొలిచి, ఆ తేదీతోనే ఎం-బుక్‌లో ఎక్కించాలి. అన్ని అంశాలూ ఒకే తేదీన, అదీ పని అంతా ముగిసిన తరువాత రాసి ఉంటే, కప్పుబడిన వాటిని ఎప్పుడు చూసి రాశారన్న ప్రశ్నకు జవాబు ఉండదు. మన ఉదాహరణలో దిమ్మెను 0.15కు బదులు 0.10 మందానే పోస్తే 2.25 ఘనమీటర్ల కాంక్రీటు తగ్గుతుంది. పైనుంచి చూసేవారికి ఆ తేడా ఎన్నటికీ తెలియదు. పూడిక తీసే పార తగిలి దిమ్మె పగిలిన రోజున తెలుస్తుంది.

ఇనుము విషయంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. 8 మిల్లీమీటర్ల కడ్డీలను 200 మిల్లీమీటర్ల ఎడంతో కట్టాలని ఎస్టిమేటులో ఉంటే, 60 మీటర్లకు 300 ఎడాలు, 301 కడ్డీలు రావాలి. ఎడం 250కి పెంచితే 241 కడ్డీలతో సరిపోతుంది. కడ్డీ బరువు తెలుసుకోవడానికి సైటులో అందరూ వాడే సూత్రం ఒకటుంది. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 8 మిల్లీమీటర్ల కడ్డీకి ఇది 0.395 కిలో. ఒక్కో కడ్డీ యు ఆకారంలో వంచడానికి సుమారు 2.1 మీటర్లు పడితే, తగ్గిన 60 కడ్డీల బరువు దాదాపు 50 కిలోలు. అందుచేత మీ వీధిలో పని జరుగుతున్నప్పుడు మీరు తప్పక వెళ్లవలసిన రోజు, ఇనుము కట్టడం పూర్తయి కాంక్రీటు ఇంకా పడని రోజు. శంకుస్థాపనకు, ప్రారంభోత్సవానికి వెళ్లకపోయినా నష్టం లేదు. ఆ రోజు నేలమీద టేపు పరచి, ఏదైనా ఒక మీటరు పొడవులో ఎన్ని ఎడాలున్నాయో లెక్కించి, టేపు కనిపించేలా ఫోటో తీసుకోండి. మేస్త్రీతో వాదన పెట్టుకోనక్కరలేదు, అంకె రాసుకుంటే చాలు.

కాంక్రీటు పోసే రోజున క్యూబులు తీయడం కూడా చూడాలి. 150 మిల్లీమీటర్ల అచ్చులలో కాంక్రీటు నింపి, నీటిలో ఉంచి, 28 రోజుల తరువాత యంత్రం కింద నలిపి బలం చూస్తారు. కాంక్రీటు రకాన్ని తెలిపే ఎం20 అన్న పేరులోని 20, చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలాన్ని తెలిపే అంకె. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 16 నుంచి 30 ఘనమీటర్ల కాంక్రీటుకు మూడు నమూనాలు తీయాలి, ఒక్కో నమూనాకు మూడు క్యూబులు. మన 17.55 ఘనమీటర్లకు తొమ్మిది క్యూబులన్నమాట. వాటి మీద తేదీ, పని గుర్తు రాసి ఉన్నాయో లేదో చూడండి. వేసవిలో వేడి గాలులు వీచే మన ప్రాంతంలో కనీసం పది రోజులైనా గోనెపట్టాలు కప్పి తడుపుతూ ఉండాలి. తడపడానికి ఎం-బుక్‌లో వేరే గడి ఉండదు. అది కాంక్రీటు రేటులోనే కలిసి ఉంటుంది గనుక ఎక్కువగా ఎగ్గొట్టేదీ అదే.

కొలతలలో తరచుగా వదిలేసే సంగతి మరొకటి ఉంది. పాత పేటల్లో ఇళ్లకు వెళ్లే కుళాయి పైపులు కాలువ గోడల గుండానే పోతుంటాయి. తవ్వేటప్పుడు అవి పగలడం, పైపైన అతికించి మట్టి కప్పేయడం సాధారణం. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట పరిసరాలలో అతిసారం ప్రబలి మనుషుల ప్రాణాలు పోయినప్పుడు తాగునీటిలో మురుగు కలిసిందన్నదే ప్రధాన ఆరోపణ అయింది. మురుగు కాలువనూ మంచినీటి పైపునూ వేరువేరు సెక్షన్ల పనులుగా చూసే అలవాటు పోవాలి. కాలువను దాటే ప్రతి పైపును కాలువ మట్టానికి పైగా తీసి, కొత్త ముక్క వేసి, తొడుగు పెట్టడం ఎస్టిమేటులో ఒక అంశంగా ఉండాలి, ఎం-బుక్‌లో ఎన్ని ఇళ్ల వద్ద చేశారో సంఖ్య కనబడాలి. ఆ వరుసే లేకపోతే ఆ పని జరగలేదనే అనుకోవచ్చు.

ఎం-బుక్ మీ కంటికి ఎలా దొరుకుతుంది? కార్పొరేటర్లు కమిషనర్ ద్వారా అడిగి చూడవచ్చు. మిగిలినవారికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఆ చట్టంలోని 2(జె) సెక్షన్ కాగితాల నకళ్లు తీసుకునే హక్కుతో ఆగిపోలేదు. పనిని, రికార్డులను స్వయంగా పరిశీలించడం, వివరాలు రాసుకోవడం, వాడిన సామగ్రి నమూనాలు ధ్రువీకరణతో పొందడం కూడా అందులో ఉన్నాయి. దరఖాస్తులో "పనికి సంబంధించిన వివరాలన్నీ ఇవ్వండి" అని రాస్తే ప్రయోజనం తక్కువ. పని పేరు, అగ్రిమెంటు నంబరు వేసి, ఆ పనికి చెందిన ఎం-బుక్ పేజీల నకళ్లు, మంజూరైన ఎస్టిమేటు, క్యూబు పరీక్షల నివేదికలు కావాలని విడివిడిగా అడగండి. జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఎస్టిమేటును పక్కన పెట్టుకుని ఎం-బుక్ చదవడమే సరైన పద్ధతి. ఎస్టిమేటులో ఉన్న అంశం ఎం-బుక్‌లో మాయమైనా, అక్కడ లేనిది ఇక్కడ ప్రత్యక్షమైనా, దానికి పై అధికారి అనుమతి కాగితం ఉండాలి. మార్పు జరగడమే తప్పు కాదు. తవ్వితే పాత పునాది రాయి తగలవచ్చు, కరెంటు స్తంభం అడ్డు రావచ్చు, నిజాయితీగా పనిచేసే ఏఈకి ఇవన్నీ రోజువారీ తలనొప్పులే. ఆయన మార్పుకు కారణం రాసి ఉంచాడా లేదా అన్నదే మనం చూడవలసింది.

ఈ వారం అభ్యాసం. ఒక కాలువ పొడవు 42.50 మీటర్లు, లోపలి వెడల్పు 0.60, సగటు లోతు 0.75, గోడల మందమూ దిమ్మె మందమూ 0.15. దాని ఎం-బుక్‌లో రెండు వరుసలున్నాయి. మొదటిది దిమ్మె: సంఖ్య 1, పొడవు 42.50, వెడల్పు 0.90, లోతు 0.15, పరిమాణం 5.74. రెండవది గోడలు: సంఖ్య 2, పొడవు 42.50, వెడల్పు 0.15, లోతు 0.90, పరిమాణం 11.48. రెండు వరుసలలోనూ హెచ్చవేత సరిగానే ఉంది, అయినా ఈ పేజీ మీద బిల్లు పాస్ కాకూడదు. ఎందుకో, ఎన్ని ఘనమీటర్లు ఎక్కువ పడ్డాయో లెక్కకట్టి మీ నోటుపుస్తకంలో రాసుకోండి. జవాబును ఆరవ పాఠం మొదట్లో సరిచూసి, అదే పరిమాణాన్ని రేటుతో హెచ్చించి బిల్లు తయారుచేయడం, అందులోంచి ఆదాయపు పన్ను, జీఎస్టీ, కార్మిక సెస్సు కోతలు వేయడం నేర్చుకుందాము.