తాతల నాటి గడీ చరిత్ర తెలుసుకోవాలంటే

మా ముత్తాతల గడీ (దొరల కోటలాంటి ఇల్లు) నల్లగొండ జిల్లాలోనే ఉంది, ఇప్పుడు మాది కాదు. మీరూ అలాంటి చరిత్ర వెతుకుతుంటే ముందు ఆఫీసులకు కాదు, ఊళ్లోని ముసలవ్వల దగ్గరికి వెళ్లండి. ఏ చెల్కను ఏ పేరుతో పిలిచేవాళ్లు, మోటబావి ఎవరు తవ్వారు, వెట్టి ఎవరు చేశారు, అన్నీ అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వెట్టి సంగతి మాత్రం దాచొద్దు, అదీ మన ఇంటి చరిత్రే.

తర్వాత సర్వే నంబర్లు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసులో సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) నకళ్లకు అప్లికేషన్ పెట్టండి. ఖాస్రాలో పట్టాదారు పేరు ఒకచోట, దున్నుకునేవాళ్ల పేరు ఇంకోచోట ఉంటుంది, నాకు అన్నిటికంటే విలువైనది ఆ రెండో పేరే. పాత కాగితాల్లో ఉర్దూ ఎక్కువ, చదవగలిగే పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి. భూమి ఎప్పుడు చేయి దాటిందో తేలాలంటే 1949 జాగీర్ల రద్దు, 1973 భూ సీలింగ్ (గరిష్ఠ పరిమితి) చట్టం, అమ్మకాలు మూడూ చూడాలి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ వెతకండి.

గడీకి వెళ్తే ఇప్పుడున్నవాళ్లను అడిగే లోపల అడుగు పెట్టండి. మాకు వాళ్లు చాయ్ పోసి, దర్వాజ మీద చెక్కిన చిలకలను తడిగుడ్డతో తుడిచి మరీ చూపించారు.