నవల ప్రింట్‌కి ఇచ్చే ముందు: అసలు ఊళ్ళు, అసలు బ్రాండ్లు వాడారా? ఇవి చూసుకోండి

కథలో నిజమైన ఊరి పేరో కారు కంపెనీ పేరో రాస్తే పర్మిషన్ కావాలా అని కొత్తగా రాసేవాళ్ళు తెగ భయపడుతుంటారు. ఊరి పేరుకి కాపీరైట్ ఉండదండీ, హాయిగా రాసుకోండి. బ్రాండ్ అయినా అంతే, మీ హీరో కోకాకోలా తాగాడనో టొయోటాలో తిరిగాడనో రాసినంత మాత్రాన మామూలుగా ఎవర్నీ అడగక్కర్లేదు, ఎందుకంటే ట్రేడ్‌మార్క్ చట్టం ముఖ్యంగా చూసేది ఈ సరుకు ఎవరిదో అని కొనేవాళ్ళు పొరబడతారా లేదా అనే.

ప్రమాదమంతా ఆ చోట ఏం జరిగిందని రాస్తున్నారు అన్నదాంట్లోనే ఉంది. నిజంగా నడుస్తున్న హోటల్ పేరు పెట్టి అక్కడ కల్తీ తిండి తిని జనం చచ్చిపోయారని రాశారనుకోండి, చదివినవాళ్ళు నిజమేనేమో అనుకునేలా ఉంటే పరువునష్టం కేసు పడొచ్చు, కథే కదా అంటే కోర్టు వినకపోవచ్చు. అందుకని మామూలు సీన్లకి అసలు పేరు ఉంచుకుని, హత్యలు, లంచాలు ఉన్నచోట మార్చేయండి, పేరొక్కటే కాదు, సందు, బోర్డు, ఓనర్ పోలికలు కూడా. మార్చాక ఆ కొత్త పేరుతో నిజంగా ఎవరైనా ఉన్నారేమో సెర్చ్ చేయండి, చాలామంది వదిలేసేది ఇదే! ఇంగ్లండ్‌లో ఒక పేపర్ ఆర్టెమస్ జోన్స్ అని ఒక మనిషిని కల్పించి రాస్తే అదే పేరున్న లాయరు కేసు వేసి గెలిచాడు, 1909లో అప్పటి అక్కడి పెద్ద కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా ఆయన వైపే నిలబడింది. పాత్రలన్నీ కల్పితం అనే లైను పెట్టండి, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకండి.

కవర్ పేజీ ఇంకా జాగ్రత్త. లోపల పేజీల్లో పర్వాలేని బ్రాండే లోగోతో సహా అట్ట మీదకి వస్తే ఆ కంపెనీయే వేసిన పుస్తకం అనిపిస్తుంది. ఈఫిల్ టవర్‌నే చూడండి, పగటి ఫోటోకి టవర్ వాళ్ళతో పేచీ లేదు, రాత్రి వెలిగే లైటింగ్‌కి మాత్రం హక్కులున్నాయి, అట్ట మీద వేయాలంటే అడగాలి. ఫోటో తీసినవాళ్ళ పర్మిషన్ ఎలాగూ వేరే.

పాట పేరు చెప్పొచ్చు, సాహిత్యం రెండు లైన్లు ఎత్తి రాస్తే మాత్రం హక్కుదారుల్ని అడగడమే మంచిది. రాసినాయన పోయాక ఇండియాలో 60 ఏళ్ళు, చాలా దేశాల్లో 70 ఏళ్ళు హక్కు ఉంటుంది.

పర్మిషన్ ఇస్తే నోటిమాట కాకుండా మెయిల్లో తీసుకోండి, ఈబుక్, ఆడియో, అనువాదం అన్నిటికీ వర్తిస్తుందని అందులోనే రాయించుకోండి.