స్టీర్ రెజ్లింగ్‌కు గుర్రాన్ని తయారుచేయడం ఎలా?

దౌడు తీసే గుర్రం మీంచి కుడిపక్కకు జారి, 450 నుంచి 650 పౌండ్ల కోడెను కొమ్ములు పట్టి పడగొట్టాలి. టెక్సాస్‌లో పుట్టిన నల్లజాతి కౌబాయ్ బిల్ పికెట్ పేరు తెచ్చిన రోడియో (కౌబాయ్‌ల పోటీ) ఆట ఇది. చప్పట్లు మనిషికే. పని మాత్రం సగం గుర్రానిదే.

క్వార్టర్ హార్స్‌నే తీసుకోండి, వేరే జాతి వద్దు. జీను బిగువుగా ఉండాలి. పరుగు మొదలయ్యే గడిలో, అంటే స్టార్టింగ్ బాక్సులో, రోజూ ఊరికే నిలబెట్టి బయటికి తీసుకురండి. అక్కడ కుదురు లేని గుర్రం తొందరపడి గడి ముందు కట్టిన అడ్డతాడు తెంచుతుంది, మీ సమయానికి 10 సెకన్లు జరిమానా కలుస్తుంది. ఇదంతా ఓపిక ఉంటే వచ్చే పనే.

అందరూ పాడుచేసేది దిగే క్షణాన్ని. సవారీ దిగగానే ఆగడం జట్కా గుర్రానికి మంచి గుణం. ఇక్కడ అదే ప్రాణం మీదికి తెస్తుంది. మీరు సగం గుర్రం మీద, సగం కోడె మీద ఉన్నప్పుడు అది వేగం తగ్గించిందా, మొహం నేలకు కొట్టుకుంటుంది. మీరు దిగేదాకా అదే వేగంతో తిన్నగా పోవాలి, ఆ తర్వాతే ఎడమకు తప్పుకోవాలి.

అందుకని ముందు నిలబెట్టి, కుడివైపు వేలాడి మళ్లీ జీనులోకి రండి. తర్వాత నడకలో, ఆపైన దౌడులో అదే చేయండి. బరువు ఒరిగినా గుర్రం చెవి కదపని రోజున కోడె పక్కకు తీసుకెళ్లండి. కోడె పక్కకు పోకుండా దాని కుడివైపు హేజర్, అంటే ఇంకో గుర్రం మీద తోడు వచ్చే రౌతు, ఉండాలి. పదిసార్లు దిగకుండా కోడెను దాటిపోతే ఒక్కసారి దిగాలి. ఈ లెక్క నాది, తగ్గించొద్దు. మొదటి వారంలోనే దూకేసేవాళ్ల గుర్రాలకు 'కోడె దొరికితే పని అయిపోయినట్టే' అని అర్థమవుతుంది. ఇక అవి ఆగకుండా ఎందుకు పోతాయి?

దిగేటప్పుడు పగ్గాలు లాగొద్దు. లాగేది మీరే, ఆగిందని తిట్టేదీ మీరే! కొందరు కొరడాతో తోలి ఆగకుండా చేస్తారు. ఆ భయానికి గుర్రం ముందే ఎడమకు తప్పుకుంటుంది, కోడె అందదు. నేను కొరడా పట్టను. మైదానం చివర దానికి అలవాటైన మనిషిని నిలబెడతాను, అతని కోసం దానంతట అదే పోతుంది.

ఒక్కసారి ఆగినా ఆ రోజు ఇక దిగకండి. నాలుగుసార్లు ఊరికే దాటించి, జీను విప్పి, కాస్త నడిపించి నీళ్లు పెట్టండి.