తొలకరి లోపు హైటెన్సైల్ కంచె వేస్తున్నారా? తీగ లాగే ముందు ఇవి చూసుకోండి

మిర్చి కోతలు అయిపోయి చేలు ఖాళీ కాగానే గుంటూరు చుట్టుపక్కల, కృష్ణకి అవతల గన్నవరం, మైలవరం వైపు కంచె పనులు మొదలవుతాయి. తొలకరి పడితే నల్లరేగడిలో ట్రాక్టర్ దిగబడుతుంది, గుంటల్లో నీళ్లు ఊరతాయి. అందుకే అందరికీ తొందర. పాడి షెడ్డు ఉన్నవాళ్లు, మేకలూ గొర్రెలూ పెంచేవాళ్లు ముళ్ల తీగ మానేసి నున్నటి హైటెన్సైల్ తీగ (ఎక్కువ లాగుడు తట్టుకునే గట్టి ఉక్కు తీగ) వేసుకోవడం మంచి నిర్ణయమే. ముళ్ల తీగకి గేదె పొదుగు చీరుకుపోవడం ఒకసారి చూసినవాళ్లు మళ్లీ ఆ తీగ జోలికి పోరు. కానీ తీగ మారినా పని పద్ధతి మారడం లేదు. చేతికి తుండుగుడ్డ చుట్టుకోవడం, ట్రాక్టర్‌కి కట్టి లాగడం, పక్కనే పిల్లలు నిలబడి చూడడం అన్నీ అలాగే జరుగుతున్నాయి. ప్రమాదం అక్కడే ఉంది.

మామూలు జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనప తీగ) మెత్తన. వంచితే వంగి అలాగే ఉంటుంది. హైటెన్సైల్ తీగ వంచి వదిలితే వెనక్కి కొడుతుంది. రెండున్నర మిల్లీమీటర్ల తీగ తెగాలంటే 600 కిలోల పైచిలుకు బరువు పడాలి. బిగించి కట్టాక ఒక్కో తీగ దాదాపు 100 కిలోల బలంతో రాత్రీ పగలూ లాగుతూనే ఉంటుంది. ఆరు వరుసలు వేస్తే మూల స్తంభం మీద 600 కిలోలు పడుతుంది. చూడ్డానికి సన్నగా ఉన్న తీగలో ఇంత బలం ఉందని పనికి వచ్చిన ప్రతి మనిషికీ, నీళ్లందించే కుర్రాడికి కూడా, పొద్దున్నే నిలబెట్టి చెప్పండి.

చుట్ట విప్పేటప్పుడు

ఎక్కువ దెబ్బలు తగిలేది ఇక్కడే. కొత్త చుట్టకి నాలుగైదు చోట్ల కట్లు ఉంటాయి. అన్నీ ఒకేసారి కోస్తే చుట్ట మొత్తం ఎగదన్నుకుని విచ్చుకుంటుంది. కొస ముఖానికి తగిలితే కన్ను పోతుంది. నేల మీద పెట్టి విప్పొద్దు. మధ్యలో ఇరుసు మీద తిరిగే స్టాండు ఒకటి వెల్డింగ్ షాపులో చేయించుకుని, చుట్టని దానిమీద ఎక్కించి, పైన అడ్డు కమ్మీలు బిగించాకే కట్లు కోయండి. అదీ ఒక్కొక్కటిగా, ముఖం పక్కకి పెట్టి. బయటి కొస ఏదో, లోపలి కొస ఏదో ముందే చూసి పెట్టుకోండి. బయటి కొసని ఒక మనిషి పట్టుకుని నడవాలి, ఇంకొక మనిషి స్టాండు దగ్గరే ఉండి అది మరీ వేగంగా తిరగకుండా ఆపాలి. 50 కిలోల చుట్టలో ఈ సైజు తీగ 1,300 మీటర్ల దాకా ఉంటుంది. స్టాండు లేకుండా ఇద్దరు మనుషులు దాన్ని చిక్కు పడకుండా విప్పగలరని అనుకోవద్దు.

తీగ కోసేటప్పుడు రెండు కొసలూ ఎవరో ఒకరి అదుపులో ఉండాలి. కొసని ముందు కాలికింద తొక్కిపెట్టండి, లేదా నేలలో గుచ్చండి, తర్వాతే కట్టర్ పెట్టండి. మామూలు కటింగ్ ప్లేయర్‌తో ఈ తీగ తెగదు, పళ్ల గాట్లు మాత్రం పడతాయి. గాటు పడిన చోటే రేపు లాగేటప్పుడు తెగుతుంది. బాగా మడత పడిన తీగ కూడా అంతే. మడతని సుత్తితో కొట్టి సరిచేసి వాడేద్దాం అని చూడొద్దు. అక్కడ కోసి స్లీవ్ (రెండు కొసలూ దూర్చి నొక్కే చిన్న లోహపు గొట్టం) వేసి కలపండి.

కళ్లజోడు లేకుండా ఎవరినీ తీగ దగ్గరికి రానివ్వద్దు. గ్రైండింగ్ చేసేవాళ్లు పెట్టుకునే పక్కలు మూసిన తెల్ల కళ్లజోడు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, ఖరీదు కూడా కాదు. చెమటకి మసకబారుతోందని తీసేస్తుంటారు. మసకబారితే పని ఆపి తుడుచుకోవాలి గానీ తీసి జేబులో పెట్టుకోకూడదు. తోలు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, బూట్లు తప్పనిసరి. లుంగీతో ఈ పని వద్దు. ఖర్మ కాలి కంట్లో తీగ గుచ్చుకుంటే నలపొద్దు, నీళ్లు కొట్టొద్దు, ఏ చుక్కల మందూ వేయొద్దు. కన్ను మీద ఒత్తిడి పడకుండా కాగితం కప్పు లాంటిది బోర్లించి కట్టి, నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. తీగ గీరుకుపోతే సబ్బుతో బాగా కడిగి టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌ని అడగండి. పశువుల పేడ ఉన్న నేల, ధనుర్వాతం భయం ఉంటుంది.

మూల గట్టిగా లేకపోతే

నల్లరేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వానలకి ఉబ్బుతుంది. మే నెలలో రాయిలా కనిపించిన నేలలో పాతిన స్తంభం ఆగస్టుకి పక్కకి ఒరగడం ఈ ప్రాంతంలో అందరూ చూసేదే. లాగుడు ఉన్న తీగతో మూల స్తంభం పెకిలిందంటే దగ్గరున్నవాళ్ల మీదకి వస్తుంది. అందుకని మూల గుంట కనీసం నాలుగడుగుల లోతు తీయండి. అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండేలా తవ్వితే కాంక్రీటు పైకి లేవదు. కాంక్రీటు పోశాక వారం పది రోజులు గోనెపట్టా కప్పి తడపండి. పోసిన మర్నాడే తీగ లాగుదామని మేస్త్రీ తొందరపెట్టినా ఒప్పుకోవద్దు.

మూల స్తంభం ఒక్కటే ఎంత లావుగా ఉన్నా చాలదు. పక్కన రెండో స్తంభం పాతి, రెంటి తలలకీ మధ్య అడ్డ కమ్మీ బిగించి, మూల స్తంభం అడుగు నుంచి రెండో స్తంభం తలకి ఏటవాలుగా తీగ మెలేసి కట్టాలి. చాలామంది దీన్ని తిరగేసి, మూల స్తంభం తల నుంచి రెండో స్తంభం అడుగుకి కడుతున్నారు. అలా కడితే కంచె లాగుడుకి ఆ తీగ అడ్డు పడదు, వదులై వేలాడుతుంది. అడ్డ కమ్మీ పొడవు కంచె ఎత్తుకి రెట్టింపు ఉంటే మంచిది. మూలలో కంచె రెండు వైపులకీ తిరుగుతుంది కాబట్టి రెండు వైపులా ఇలాగే కట్టాలి.

గునపం వేసే ముందు మోటారు కేబుల్, డ్రిప్ పైపు ఎటు పోయాయో చూసుకోండి. సర్వే రాళ్లు, డొంక హద్దు పక్కవాళ్ల ఎదురుగానే తేల్చుకోండి.

లాగే రోజు

ట్రాక్టర్‌తో గానీ జీపుతో గానీ ఈ తీగ లాగొద్దు. ఎంత లాగుతున్నామో స్టీరింగ్ మీద కూర్చున్నవాడికి తెలియదు, తెలిసేసరికి తీగ తెగి ఉంటుంది. వరుసకొక రాట్చెట్ టైట్నర్ (పళ్ల చక్రంతో తీగని బిగించి వెనక్కి జారకుండా పట్టి ఉంచేది) పెట్టి చేత్తో తిప్పండి. పొడవు వరుసలకి స్ప్రింగు కూడా పెడితే లాగుడు ఎంత ఉందో దాన్ని చూసి తెలుసుకోవచ్చు, చెట్టు కొమ్మ పడినా తీగ తట్టుకుంటుంది. లాగేటప్పుడు తీగకి సూటిగా ఎవరూ నిలబడకూడదు. మూల మలుపు లోపలివైపు అసలే వద్దు, స్తంభం జారితే తీగ అటే దూసుకొస్తుంది. తీగని చేతికి చుట్టుకోవద్దు. లాగి ఉన్న తీగని దాటడానికి కాళ్ల మధ్య పెట్టుకోవద్దు.

మధ్య స్తంభాల దగ్గర ఒక తప్పు అందరూ చేస్తారు. ముళ్ల తీగ అలవాటుకొద్దీ బైండింగ్ వైరు వేసి, ప్లేయర్‌తో మెలి తిప్పి, తీగని సిమెంటు స్తంభానికి అదిమి కట్టేస్తారు. హైటెన్సైల్ తీగ స్తంభం దగ్గర అటూ ఇటూ జారాలి. గేదె ఒరిగినప్పుడు ఆ బరువు వరుస మొత్తం పంచుకోవాలి, స్ప్రింగు దాకా వెళ్లాలి. అదిమి కడితే బరువంతా ఆ రెండు స్తంభాల మధ్య ముక్క మీదే పడుతుంది. బైండింగ్ వైరుని వదులుగా చుట్టండి. కట్టాక తీగని పట్టుకుని లాగి చూస్తే కట్టు లోంచి కదలాలి. చెక్క స్తంభాలైతే యూ మేకుని పూర్తిగా దిగ్గొట్టకుండా తీగ కదిలేంత సందు వదలండి.

ఎండ సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. రెండు మూలల మధ్య బిగిసి ఉన్న తీగ 30 డిగ్రీలు చల్లబడితే, స్ప్రింగు లేనప్పుడు, లాగుడు దాదాపు 35 కిలోలు పెరుగుతుంది. మే మధ్యాహ్నం కాగిన తీగని 100 కిలోలకి బిగిస్తే పుష్యమాసం తెల్లవారుజామున అది 135 అవుతుంది. అందుకే వేసవిలో తీగ కాస్త వదులుగా కనిపించినా టైట్నర్‌ని ఇంకో రెండు పళ్లు తిప్పొద్దు. ఎలాగూ పది దాటాక మన ఎండలో మనుషులు పని చేయలేరు. పొద్దున ఆరు నుంచి పది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి.

కరెంటు, పిడుగు

ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి. అడవి పందులు పడుతున్నాయని మోటారు స్టార్టర్ నుంచో, పైన పోయే లైను నుంచో కంచెకి నేరుగా కరెంటు ఇవ్వడం మనిషిని చంపడమే. చీకట్లో నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతు, మేక కోసం వచ్చిన పిల్లవాడు, చివరికి కట్టినవాడు కూడా పోతున్నారు. లైనుకి కొక్కెం వేయడం విద్యుత్ చట్టం 2003లో 135వ సెక్షన్ కింద చౌర్యం, ప్రాణం పోతే క్రిమినల్ కేసు. పశువులు కంచెని నెట్టకుండా షాక్ కావాలంటే దానికని తయారైన ఎనర్జైజర్ పెట్టుకోండి. అది సెకనుకి ఒకసారి, సెకనులో వెయ్యో వంతు కూడా లేని చిన్న దెబ్బ కొడుతుంది. బెదిరిస్తుంది గానీ పట్టి ఉంచదు. మెషీన్ మీద ఐఈసీ 60335-2-76 (కంచె ఎనర్జైజర్ల భద్రతకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం) అని రాసి ఉందో లేదో చూడండి. ఎర్తు రాడ్లు ఇంటి ఎర్తుకి కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. డొంక పక్కన హెచ్చరిక బోర్డులు కట్టండి, అక్షరాలు రానివాళ్లకి అర్థమయ్యే బొమ్మతో. ముళ్ల తీగకి మాత్రం ఎనర్జైజర్ కూడా కలపొద్దు, చిక్కుకున్న ప్రాణి బయటికి రాలేదు.

షాక్ లేని కంచెకి కూడా కరెంటు ప్రమాదం ఉంది. మే, జూన్ గాలివానలకి లైను తెగి కంచె మీద పడితే ఆ చివర నుంచి ఈ చివర దాకా తీగంతా కరెంటే. మోటారు సర్వీసు వైరుని కంచె స్తంభాలకి కట్టి తీసుకెళ్లే అలవాటు మానండి, ఇన్సులేషన్ చిట్లితే అదే జరుగుతుంది. కరెంటు స్తంభాన్నీ, అది ఒరగకుండా ఏటవాలుగా నేలకి కట్టిన స్టే వైరునీ కంచె స్తంభంగా వాడొద్దు. 11 కేవీ (11 వేల వోల్టుల) లైను కింద పని ఉంటే తీగని గాల్లోకి విసరొద్దు, ఎగిరి తగులుతుంది. కంచె మీద తెగిన వైరు కనిపిస్తే పది మీటర్ల దూరం నుంచే కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేయండి. లోపల గేదెలున్నా సరే, సరఫరా ఆగిందని సిబ్బంది చెప్పేదాకా లోపలికి పోవద్దు. ఇది మనసుకి కష్టమైన మాటే, కానీ గేదె కోసం పరిగెత్తి మనిషి పోయిన ఇళ్లు ఉన్నాయి.

ఉరుము వినపడగానే పని ఆపి కంచెకి దూరంగా వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచాకే మళ్లీ తీగ పట్టుకోండి. దామిని యాప్ ఫోన్‌లో ఉంటే పిడుగుల కదలిక ముందే తెలుస్తుంది. సిమెంటు, రాతి స్తంభాల కంచె అయితే ప్రతి 50 మీటర్లకి ఒక ఇనప రాడ్డు నేలలోకి దింపి షాక్ లేని తీగలన్నీ దానికి కలపండి.

పని అయ్యాక నేల మీద మిగిలేవి

నన్నడిగితే కంచె పనిలో అందరూ వదిలేసేది ఇదే. కోసిన ప్రతిచోటా అంగుళం, రెండంగుళాల తీగ ముక్క పడుతుంది. బైండింగ్ వైరు కొసలు పడతాయి. వారంలో గడ్డి మొలుస్తుంది, ముక్కలు కనిపించవు. గేదె, ఆవు గడ్డిని నమిలి చూసి మింగవు, నాలుకతో చుట్టి లాగేస్తాయి. తీగ ముక్క రెండో పొట్టలో ఆగుతుంది. దాని ముందే, ఒక పొర అవతల, గుండె ఉంటుంది. పశువు కదిలినప్పుడు, చూడి పెరిగినప్పుడు ఆ ముక్క పొట్ట గోడని గుచ్చుకుని గుండె వైపు పోతుంది. పాలు ఉన్నట్టుండి తగ్గడం, మేత మానడం, వీపు వంచి మోచేతులు బయటికి పెట్టి నిలబడడం, పల్లం దిగుతూ మూలగడం, తర్వాత గంగడోలు దగ్గర నీరు చేరడం దీని గుర్తులు. ముదిరాక బతకడం కష్టం. మొదటి గుర్తుకే పశువైద్య అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, కంచె పని జరిగిందని డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

ఇది రాకుండా చూడడం చాలా తేలిక. పని చేసే మనిషి నడుముకి ఒక డబ్బా కట్టండి, కోసిన ముక్క అందులోనే పడాలి. సాయంత్రం పాత స్పీకర్ అయస్కాంతానికి తాడు కట్టి కంచె వెంట ఈడ్చుకుంటూ నడవండి. మూలల దగ్గర, టైట్నర్ల దగ్గర రెండుసార్లు. అంటుకొచ్చిన ముక్కలు చూస్తే ఈ పని ఇంకెప్పుడూ మానరు.

పశువుల్ని మొదటిసారి పగలే వదలండి. నున్నటి సన్న తీగ వాటికి కనిపించదు, పరిగెత్తి గుద్దుకుంటాయి. పాత చీర పేలికలు తీగలకి కట్టి వారం ఉంచండి. మేకలుంటే కింది వరుసలు దగ్గరగా వేయండి, కొమ్ముల మేక తల దూర్చి ఇరుక్కుంటే మెడకే ప్రమాదం. కంచెకి పశువుని కట్టేయొద్దు.

వాగు, మురుగు కాలువ దాటే చోట ఆ ముక్కని వేరే కంచెగా కట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు నీళ్లు ఎంత చెత్త మోసుకొస్తాయో విజయవాడ చూసింది. గుర్రపు డెక్క, కొమ్మలు తీగలకి పట్టుకుంటే వరద బలమంతా మూల స్తంభం మీద పడుతుంది. విడి ముక్కైతే అదొక్కటే కొట్టుకుపోతుంది, మిగతా కంచె నిలుస్తుంది. మొదటి పెద్ద వాన వెలిసిన రెండో రోజు కంచె చుట్టూ ఒకసారి నడిచి, మూలలు ఒరిగాయేమో, స్తంభం చుట్టూ మట్టి దిగిందేమో చూసి, దిగితే దిమ్మిస కొట్టి గట్టి చేయండి. స్తంభాలు నిలకడగా ఉన్నాయని తేలాకే టైట్నర్లు ముట్టుకోండి.