కణతలో దారి వెతకాలి: మెదడు రక్తప్రవాహాన్ని డాప్లర్‌తో చూడటం

ఒంగోలులో మా ఐసీయూకి కొత్తగా వచ్చే డాక్టర్లకి టీసీడీ నేర్పేటప్పుడు మొదటి రోజు స్క్రీన్‌ని గోడవైపు తిప్పేస్తాను. స్పీకర్ మాత్రం పెద్దగా పెడతాను. టీసీడీ అంటే ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్. పుర్రె తెరవకుండా, సూది గుచ్చకుండా, మెదడు రక్తనాళాల్లో నెత్తురు ఎంత వేగంగా పోతోందో అల్ట్రాసౌండ్‌తో చూసే పరీక్ష. 1982లో రూనె ఆస్లిడ్, ఆయన సహచరులు దీన్ని లోకానికి చూపించారు. నెత్తురు పారే తీరు స్పీకర్‌లో చప్పుడుగా వస్తుంది, అందుకే ఇందులో చెవికి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత తెలుస్తుంది.

మెడ రక్తనాళాలు చూసే 7, 10 మెగాహెర్ట్జ్ ప్రోబ్ (ఒంటికి ఆనించి అల్ట్రాసౌండ్ పంపే పరికరం) ఇక్కడ పనికిరాదు. పుర్రె ఎముక దాన్ని మింగేస్తుంది. 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్ కావాలి, ఎముక పల్చగా ఉండే చోటు కావాలి. ఆ చోటే కణత. కంటి చివర నుంచి చెవి దాకా, చెంప ఎముకకి కాస్త పైన.

పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెట్టి మీరు తలవైపు కూర్చోండి. మోచేయి మంచం మీద ఆనించుకోవాలి, లేకపోతే పది నిమిషాలకే చెయ్యి వణుకుతుంది. ఆడవాళ్లకి మాటీలు, పిన్నులు తీయించండి. తలకి నూనె రాసుంది కదా అని జెల్ తగ్గించొద్దు, వెంట్రుకల్ని పాయ తీసి జెల్ బాగా పట్టించండి. మాట్లాడించొద్దు, నిద్రపోనివ్వొద్దు. టెన్షన్‌తో గబగబా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేగం పడిపోతుంది, ఊపిరి బిగబడితే పెరుగుతుంది. అందుకే రెండు నిమిషాలు స్థిమితపడనిచ్చి మొదలుపెట్టండి.

లోతు 50 మిల్లీమీటర్లు పెట్టి, ప్రోబ్‌ని చెవికి కాస్త ముందు ఆనించి, బియ్యపు గింజంత జరపండి. జరిపిన ప్రతిచోటా ఆగి, ప్రోబ్‌ని కొద్దిగా పైకి, కిందికి, ముందుకి, వెనక్కి వంచి చూడండి. జరపడం, వంచడం రెండూ ఒకేసారి చేస్తే దొరికింది కూడా జారిపోతుంది.

ఈ ఓపిక నాకు మొదట్లో లేదు. నేను కొత్తగా చేరిన రోజుల్లో, వేరే ఆసుపత్రిలో, పక్షవాతం వచ్చిన కనిగిరి వైపు అవ్వకి రెండు నిమిషాలు వెతికి ‘కుడివైపు రక్తప్రవాహం కనబడలేదు’ అని రాసేశాను. ఆమె కొడుకు ఆ కాగితం పట్టుకుని, ‘అయితే ఇంక లాభం లేదా సార్?’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మా సీనియర్ వచ్చి, మళ్లీ జెల్ వేసి, నేను పెట్టిన చోటు నుంచి వేలెడంత వెనక్కి, దాదాపు చెవి అంచుకి తెచ్చి, మెల్లగా పైకి వంచారు. 52 దగ్గర ‘హుష్... హుష్...’ మని వచ్చింది.

‘ఏంది నాయనా ఆ చప్పుడు, ఈదురుగాలి మాదిరి ఉండాదే’ అంది అవ్వ.

‘మీ నెత్తురు పారే చప్పుడే అవ్వా’ అన్నారాయన.

పదిమందిలో ఒకరికి నిజంగానే ఈ విండో, అంటే అల్ట్రాసౌండ్ లోపలికి వెళ్లే పల్చటి ఎముక చోటు, దొరకదు, వయసు మళ్లిన ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. కానీ ఆ మాట రాసే ముందు ఒక్కో వైపు కనీసం పది నిమిషాలు వెతకండి.

చప్పుడు దొరికాక స్క్రీన్ తిప్పండి. అల స్క్రీన్ మీది అడ్డగీతకి పైన ఉంటే నెత్తురు ప్రోబ్ వైపు వస్తున్నట్టు. 45 నుంచి 60 లోతులో అలా వచ్చేది ఎంసీఏ, అంటే మెదడు పక్కభాగానికి నెత్తురు తీసుకెళ్లే నాళం. దాన్ని వదలకుండా కొంచెం కొంచెంగా లోపలికి వెళ్తే 60, 65 దగ్గర గీతకి పైనా కిందా రెండు అలలు కలిసి కనిపిస్తాయి. నాళం చీలే చోటు అదే. దారి తప్పినప్పుడల్లా అక్కడికే తిరిగి రండి. ఇంకా లోపలికి, కాస్త ముందుకి వంచితే గీతకి కింద కనిపించే ఏసీఏ, అంటే మెదడు ముందుభాగం నాళం. చీలిక నుంచి వెనక్కి వంచితే పీసీఏ, అంటే మెదడు వెనకభాగం నాళం. పేషెంట్‌ని పక్కకి తిప్పి, గడ్డం ఛాతీకి ఆనించి, మెడ వెనక గుంటలోంచి చూస్తే 80 దాటాక బేసిలర్ దొరుకుతుంది, మెదడు వెనకవైపుకి నెత్తురు పంపే నాళం అది. కంటి మీద పెట్టాల్సి వస్తే మాత్రం పవర్ పది శాతానికి తగ్గించాకే ప్రోబ్ ఆనించండి. ఇది మర్చిపోకూడదు.

అంకెల సంగతి. అల శిఖరం 90, చివర 42 ఉందనుకోండి. శిఖరానికి చివర వేగాన్ని రెండుసార్లు కలిపి మూడుతో భాగిస్తే 58. సెకనుకి ఇన్ని సెంటీమీటర్లు అన్నమాట. పెద్దవాళ్లలో ఎంసీఏ సగటు ఇంచుమించు 55 దగ్గర ఉంటుంది. మెషీనే లెక్క వేస్తుంది, అయినా ఒకసారి చేత్తో వేసి చూడండి. గుండె లయ తప్పినవాళ్లలో ఒక్క అల చూసి రాయొద్దు, చాలా అలల సగటు తీయండి.

ఇది చూపించేది వేగం, ఎంత నెత్తురు పోతోందన్నది కాదు. మిరపతోటలో బోరు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూకుతాయి. మోటారు ఇంకా గట్టిగా కొట్టినా దూకుతాయి. కారణాలు వేరు. చీమకుర్తి క్వారీలో పనిచేసే ఒకాయనకి మెదడు పొరల్లో రక్తస్రావం అయింది. నాలుగో రోజు ఎంసీఏ సగటు 92, ఆరో రోజు 148. 120 దాటింది, నాళం బిగుసుకుంటోందా? మెడలోంచి మెదడుకి నెత్తురు తీసుకెళ్లే నాళం ఐసీఏ వేగం కూడా తీశాం, 38. 148ని 38తో భాగిస్తే దాదాపు 3.9. ఈ నిష్పత్తి 3 దాటితే నాళం సన్నబడుతోందని, 6 దాటితే బాగా బిగిసిందని అనుమానించాలి. 3 లోపే ఉంటే రక్తహీనతో, జ్వరమో వేగాన్ని పెంచుతూ ఉండొచ్చు. ఆయనకి కుడికాలు బలహీనపడకముందే న్యూరోసర్జన్‌కి చెప్పగలిగాం. రక్తస్రావమైన నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు రోజూ, వీలైతే ఒకే డాక్టరు చూడాలి. నిన్నటి అంకె పక్కన లేకపోతే ఇవాళ్టి 148కి సగం అర్థమే ఉంటుంది.

రిపోర్టులో ఏ వైపు, ఏ లోతు, రక్తస్రావమై ఎన్నో రోజు, అప్పటి బీపీ, హిమోగ్లోబిన్ రాయండి. ఏమీ దొరక్కపోతే ‘కుడి కణతలో విండో దొరకలేదు’ అని రాయండి. అదే విండోలోంచి ఏసీఏ, పీసీఏ చక్కగా కనిపిస్తూ ఎంసీఏ ఒక్కటే దొరకనప్పుడే, అది మూసుకుపోయి ఉండొచ్చని, సీటీ యాంజియో (రక్తనాళాల్ని చూపే స్కాన్) చేయించమని రాయాలి. అవ్వ కాగితం మీద ఆ రోజు నేను రాయాల్సింది ఈ రెంటిలో మొదటి వాక్యం.